మీసాలాయన కోసం మోగిన మువ్వ

నేను ఒక నాట్యకత్తె కాలి గజ్జెనని చెప్పుకోవాలని నాకు చాలా కోరిక. అలా చెప్పుకుంటే వినేవాళ్ళు కూడా కాస్త సర్దుకుని కూర్చుంటారు. కానీ నిజానికి ఆ ఉద్యోగం నేను చేసింది మూడు నెలలే. తర్వాత ఒక పిల్లి మెడలో రెండు వారాలు. ఆ తర్వాత పదకొండేళ్ళ పాటు గాలం కర్ర కొసన. ఇదంతా జాలి కోసం చెప్పడం లేదు. నాకు జాలి పడదు.

నాది కంచు ఒళ్ళు. కంచరి వీధిలో ఒక రేకుల షెడ్డులో మైనం, మట్టి, మరిగిన లోహం మధ్య పుట్టాను. నాతో పాటు ఆ రోజు ఇంకో తొంభై తొమ్మిది మంది పుట్టారు. పొట్టలో ఒక ఇనప గుండు వేసి, కింద గాటు పెట్టి, నోరు ఇంతవరకే తెరవాలని నియమం పెట్టి వదిలారు. మమ్మల్ని పోతపోసినాయన నన్ను చెవి దగ్గర ఊపి మొహం అదోలా పెట్టాడు. "ఇది కొంచెం బొంగురు" అని, ఆ మాట అంటూనే సంచిలో వేసేశాడు. వందలో ఒకటి బొంగురుగా ఉంటే ఎవరికి తెలుస్తుంది? పెద్ద పెద్ద కంపెనీలు కూడా ఈ సూత్రం మీదే నడుస్తాయని తర్వాతి కాలంలో నీలకంఠం చెబుతుంటే విన్నాను. ఆయన సాఫ్ట్‌వేర్‌లో టెస్టరు. ఆయన సంగతికి వస్తాను.

మమ్మల్ని కొన్నది ముత్యాల్రావు. గంగన్నపాలెంలో ఆర్టీసీ బస్సు డ్రైవరు. ఆయనకో మీసం ఉండేది. మలుపు తిరిగేటప్పుడు ముందు మీసం కనబడేది, దాని వెనకాల బస్సు వచ్చేది. తొమ్మిదేళ్ళ కూతురు జలజకి డాన్సు నేర్పించాలని గజ్జెలు కొన్నాడు. మూడు నెలలయ్యాక టీచరుగారు ఆయన్ని పక్కకి పిలిచింది.

"అమ్మాయి కాళ్ళకీ తాళానికీ మాటల్లేవండీ. మధ్యలో నేను రాజీ కుదర్చలేకపోతున్నాను."

దాంతో మేం అటకెక్కాం. అయిదారేళ్ళ తర్వాత ముత్యాల్రావు భార్య వరహాలమ్మ ఏదో వెతుకుతూ మా మూట తీసి, నన్నొక్కదాన్నీ తెంపి పిల్లి మెడలో కట్టింది. అది పాలగిన్నె దగ్గరికి వస్తే చప్పుడవ్వాలని ఆవిడ ఉపాయం. పదిహేను రోజుల్లో ఆ పిల్లి నన్ను మోగించకుండా నడవడం నేర్చుకుంది. నా అనుభవంలో నేను చూసిన ఏకైక అసలైన నర్తకి అదే.

ఆ తర్వాత నన్ను ముత్యాల్రావు తీసుకుపోయాడు. ఆయనకి రాత్రిపూట చెరువు ఒడ్డున కూర్చుని జెల్లచేపలు పట్టే పిచ్చి. ఊరి బయట ఉన్నది నిజానికి రిజర్వాయరు, కానీ అందరూ చెరువనే అంటారు. పగలంతా అడుగున బురదలో నిద్రపోయే జెల్ల, చీకటిపడ్డాక తిండి వెతుక్కుంటూ ఒడ్డుకి వస్తుంది. కానీ చీకట్లో గాలం కర్ర కొస కదిలిందో లేదో మనిషి కంటికి ఆనదు. అందుకని కొసన ఒక మువ్వ కడతారు. కింద జెల్ల లాగితే పైన నేను మోగుతాను. అప్పుడు ముత్యాల్రావు నిద్ర లేస్తాడు. మొత్తం విద్య ఇంతే.

కాలవ నీళ్ళు చెరువులోకి దిగే తూము పక్కన ఒక నల్లరాయి ఉంది. కాలవతో పాటు పురుగూ పుట్రా కొట్టుకొస్తాయి కాబట్టి జెల్లలు అక్కడికే చేరతాయి. చెరువు మొత్తం మీద అంతకు మించిన చోటు లేదు. పదకొండేళ్ళుగా ఆ రాయి ముత్యాల్రావుది. కాగితం ఏమీ లేదు, రోజూ అందరికంటే ముందొచ్చి కూర్చోవడమే హక్కు. దాని పక్కన తుమ్మకంపలో తాతారావు కూర్చునేవాడు. ఆయనకి బస్టాండు దగ్గర పంక్చర్ల షాపు. పగలంతా ట్యూబుల్లో ముళ్ళు తీసి, రాత్రంతా తన వీపులో ముళ్ళు తీసుకునేవాడు. ఆ రాయి మీద ఆయన కన్ను ఎంత గట్టిగా ఉండేదంటే, ముత్యాల్రావు లేచి ఒళ్ళు విరుచుకుంటే చాలు, "వెళ్ళిపోతున్నావేంటి?" అని ఆశగా అడిగేవాడు.

ఇంకొక ఆచారం కూడా చెప్పాలి. గట్టు మీద చేప పేరు ఎత్తకూడదు. ఎత్తితే అది వింటుందట, విని వెళ్ళిపోతుందట. జెల్లకి మూతి చుట్టూ పొడుగాటి మీసాలుంటాయి కదా, అందుకని దాన్ని మీసాలాయన అనేవారు. "మీసాలాయన వచ్చాడా?" "రాలేదు, నిన్న ఒకాయన మాత్రం తొంగిచూసి వెళ్ళాడు." ఇలాగ.

ఇక్కడ ముత్యాల్రావింట్లో ఇంకో ఆచారం. వరహాలమ్మ మొగుడి పేరు నోటితో చెప్పదు. పక్కింటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆవిడ కూడా "మా మీసాలాయన" అంటుంది. గట్టు మీద మగవాళ్ళు ఏమనుకుంటారో ఇంట్లో ఆడవాళ్ళకి తెలియదు. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆవిడ ఒక్కసారి కూడా చెరువు దగ్గరికి రాలేదు, ఎవరూ రమ్మనలేదు. ఇలా ఒక పేరు చేపకీ మొగుడికీ ఉమ్మడిగా చెల్లుతూ, ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోతోంది. నీలకంఠం భాషలో దీన్ని ఇంకా బయటపడని బగ్గు అంటారు.

ఇక పెళ్ళిచూపులు. ఆ రోజు నేను ముత్యాల్రావు చొక్కా జేబులో ఉన్నాను, శుభానికి పనికొస్తానని తెచ్చుకున్నాడు. పెళ్ళికొడుకు నీలకంఠం హైదరాబాదు నుంచి వాళ్ళమ్మతో వచ్చాడు. తాతగారి పేరు పెట్టారు, ఆఫీసులో నీల్ అంటారు. తండ్రి ఈయన నాలుగో తరగతిలో ఉండగానే పోయాడు. ఉద్యోగం, జీతం, ఫ్లాటు గురించి పెద్దలు అడిగారు. ముత్యాల్రావు ఆ జవాబులేవీ వినలేదు. ఆయన దగ్గర ఒకే ఒక ప్రశ్న ఉంది.

"బాబుగారికి చేపలు పడతాయాండీ?"

నీలకంఠం మొహం వెలిగింది. భోజనం గురించి అడిగిన మొదటి మనిషి ఈయనే.

"బ్రహ్మాండంగా పడతాయండీ. చిన్నప్పట్నుంచీ."

"జెల్లలు?"

"జెల్లలైతే ఎన్నైనా పడతాయండీ. లెక్కుండదు."

"పగలా, రాత్రా?"

"రాత్రే ఎక్కువండీ. పగలు ఆఫీసుంటుంది కదా."

ముత్యాల్రావు మీసం కొసలు వణకడం జేబులోంచే గమనించాను. ఇంతలో నీలకంఠం వాళ్ళమ్మ కలగజేసుకుంది.

"రొయ్యలు మాత్రం వీడికి పడవండీ. ముందే చెప్పేస్తున్నాను."

రొయ్యలు గాలానికి ఎవరికి మాత్రం పడతాయి, అడక్కుండానే చెప్పారు, ఎంత దాపరికం లేని కుటుంబం అనుకున్నాడు ముత్యాల్రావు. అంతకుముందు చూసిన సంబంధానికి ఆ సాయంత్రమే వద్దని కబురు పంపాడు. ఒంటికి సరిపడటమూ పడటమే, గాలానికి చిక్కడమూ పడటమే. ఒక ఆడపిల్ల పెళ్ళి ఇలాంటి మాట మీద కుదిరిందని ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే. నేను జేబులో ఉన్నాను, మోగితే దగ్గనుకున్నారు.

పెళ్ళయిన నెలకి అల్లుడు మొదటిసారి అత్తారింటికొచ్చాడు. బస్సు దిగగానే ముత్యాల్రావు ఆయన భుజం మీద చెయ్యేసి బజారంతా తిప్పాడు, తాతారావు షాపు దాకా.

"ఏరా తాతా, మా అల్లుడుగారు. రాత్రిపూట మీసాలాయనని పట్టడంలో ఈయన్ని మించినోడు లేడు."

తాతారావు చేతిలో ట్యూబు పక్కన పెట్టి నీలకంఠం అరచేతులు చూశాడు. ఆ చేతులు కీబోర్డు తప్ప దేన్నీ ఎరగవని పంక్చర్లు వేసేవాడికి తెలియదా?

"పందెమేస్తావేంట్రా ముత్యాలూ?"

"ఏం పందెం?"

"తెల్లారేలోగా మీ అల్లుడు ఒక్క మీసాలాయన్ని ఒడ్డెక్కిస్తే ఇంకెప్పుడూ ఆ రాయి ఊసెత్తను. ఎక్కించలేకపోతే రేపట్నుంచి రాయి నాది."

"సరే పో" అన్నాడు ముత్యాల్రావు, చొక్కా జేబు తట్టుకుంటూ. లోపల నేను బితుకుబితుకుమన్నాను.

ఆ సాయంత్రం గాలం కర్రని పెరట్లో గోడకి ఆనించి, నన్ను కొసన కట్టారు. నీలకంఠం అక్కడికొచ్చి జలజని పట్టుకున్నాడు.

"నేను తింటానన్నాను జలజా! పడతానని ఎప్పుడన్నాను?"

"మరి రాత్రుళ్ళు లెక్కే ఉండదన్నావంట?"

"డిన్నర్ గురించి!"

జలజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు వంగి నవ్వింది. తర్వాత, "నాన్నతో చెప్పెయ్" అంది.

"పొద్దున్నుంచీ నా భుజం మీద చెయ్యేసి ఊరంతా తిప్పారు. నా భుజం మీద అలా ఎవరూ చెయ్యెయ్యలేదు. ఆ చెయ్యి తియ్యమని ఎలా చెప్పను? పైగా నావల్ల ఆయన రాయి పోతుంది."

జలజ నవ్వు ఆపేసింది. "అయితే ఫోను చెవిలో పెట్టుకుని వెళ్ళు. రాత్రిపూట జెల్లలు పట్టడం ఎలాగో నెట్లో చూసి నేను చెబుతుంటా. నువ్వు అలాగే చెయ్యి."

అలా బయల్దేరాం. మబ్బు పట్టి ఉంది, ముందురోజు వానకి నీళ్ళు కలక బారాయి, ఉక్కగా ఉంది. జెల్లలకి ఇంతకంటే మంచి రాత్రి ఉండదు. ముత్యాల్రావు అల్లుణ్ణి తన రాయి మీద కూర్చోబెట్టి, తన కర్ర చేతికిచ్చి, తాను కింద గడ్డిలో కూర్చున్నాడు. గట్టు మీద నియమాలు చెవిలో చెప్పాడు. దీపం నీళ్ళ మీద పడకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. పేరెత్తకూడదు, మీసాలాయన అనాలి.

"తెలుసండీ" అన్నాడు నీలకంఠం. ఆ రాత్రి ఆయన చెప్పిన మొదటి అబద్ధం, చివరిది కూడా.

చెవిలో తెల్లటి మొగ్గలాంటిది పెట్టుకుని గొణుక్కుంటుంటే తాతారావు కంపలోంచి అడిగాడు.

"ఏంట్రా, గొణుగుతున్నాడు మీ అల్లుడు?"

"జపం. కదిలించకు."

మొదటి గండం ఎర. డబ్బాలో మట్టి, మట్టిలో ఎర్రలు, అంటే వానపాములు. నీలకంఠం వేలు పెట్టాడు. ఒక ఎర్ర ఆ వేలిని చుట్టుకుంది. ఆయన నోట్లోంచి వచ్చిన చప్పుడు నేను మువ్వనై ఉండి కూడా ఎప్పుడూ చెయ్యలేదు. డబ్బా మూతపెట్టేసి, చుట్టూ చూసి, అత్తగారు కట్టిచ్చిన క్యారేజీ తెరిచాడు. అందులో కోడి కార్జం వేపుడు ఉంది. అల్లుడికని వెల్లుల్లి దండిగా వేసి చేసింది. ఆయన ఒక ముక్క గాలానికి గుచ్చాడు.

తాతారావు పకపకా నవ్వాడు. "ముత్యాలూ, మీసాలాయనకి వేపుడు పెడుతున్నాడ్రా. చపాతీలు కూడా తెచ్చారా?"

ముత్యాల్రావు మాత్రం గంభీరంగా తలూపాడు. "నీకేం తెల్సురా. మీసాలాయనకి చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. చీకట్లో ఎర్ర కనబడుద్దా? వాసన కావాలి. ఆ వెల్లుల్లికి నాకే నోరూరుతోంది."

రెండో గండం విసరడం. జలజ చెవిలో ఏదో చెప్పింది, నీలకంఠం కర్రని వెనక్కి తీసుకెళ్ళి బలంగా ఊపాడు. గాలం వెనకున్న కొమ్మకి తగిలి, తిరిగొచ్చి, ఆయన చెవి పక్కనుంచి పోయి, ఒడ్డుకి రెండు బారల దూరంలో బుడుంగుమంది. కొసనున్న నాకు కళ్ళు తిరిగాయి.

"అంతేనా?" అన్నాడు తాతారావు. "మా మనవరాలు ఉమ్మేస్తే అంతకంటే దూరం పడుద్ది."

"రాత్రిపూట దూరం ఎందుకెయ్యాలి?" అని ముత్యాల్రావు మెల్లగా, భక్తిగా అన్నాడు. "మీసాలాయన తిండికి ఒడ్డుకే వస్తాడు. మనం పదకొండేళ్ళు మధ్య చెరువులోకి విసిరి భుజాలు పడిపోయేలా చేసుకున్నాం కదరా. చూడు, చదువుకున్నోళ్ళ పద్ధతి."

తాతారావు నవ్వలేదు. కాసేపటికి తన గాలం కూడా లాగి, ఎవరూ చూడకుండా దగ్గరగా వేసుకున్నాడు.

పంగల కర్ర పాతి, దాని మీద గాలం కర్ర ఆనించి, దారం సడలకుండా బిగించారు. ఇక ఎదురుచూపు. జలజ చెబుతున్న చిట్కాలు నీలకంఠం పెదవుల మీద సన్నగా వినబడుతున్నాయి. అరగంటకొకసారి ఎర మార్చాలి. కాళ్ళ చప్పుడు నేలలోంచి నీళ్ళకి తెలుస్తుంది, నడవకూడదు. తొలి మోతకి లాగకూడదు, అది రుచి చూస్తుంటుంది. కర్ర వంగాకే లాగాలి. కాసేపటికి ఆ గొణుగుడు కూడా ఆగిపోయింది. ఇంట్లో జలజ ఫోను స్పీకరులో పెట్టి, వంటింటి గట్టు మీద వదిలేసి, పక్కనే పీట మీద కునికిపాట్లు పడుతోందట. పొద్దున్న పులుసుకని చింతపండు నానేసి, వరహాలమ్మ అక్కడే చిన్నుల్లిపాయలు ఒలుస్తోందట. ఇక్కడ నీలకంఠం కూర్చున్నచోటే నిద్రపోయాడు.

పదకొండు దాటాక కింద ఏదో ముట్టుకుంది. నేను టింగుమన్నాను.

తాతారావు లేచి నించున్నాడు. "మోగింది! లాగమను!"

నీలకంఠం కదల్లేదు. మళ్ళీ టింగుమన్నాను. అయినా కదల్లేదు.

"ఏం నిగ్రహంరా అది" అన్నాడు ముత్యాల్రావు గుండె మీద చెయ్యేసుకుని. "నేనైతే ఈపాటికి లాగేసి పోగొట్టుకునేవాణ్ణి."

నిగ్రహం సన్నగా గురక పెడుతోంది. అప్పుడు కర్ర విల్లులా వంగింది. నేను నా బొంగురు గొంతంతా పెట్టి మోగాను, ఆ మోతకి నా పొట్టలో గుండు బయటికి దూకుతుందేమోనని భయమేసింది. నీలకంఠం దిగ్గున లేచి కర్ర రెండు చేతులతో పట్టుకున్నాడు. కర్ర ఆయన్ని పట్టుకుని నీళ్ళవైపు నడిపించింది. ముత్యాల్రావు తలకి తువ్వాలు చుట్టుకుని, చేతివల పట్టుకుని, చప్పుడు కాకుండా మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. ఏం చెయ్యాలో తోచక నీలకంఠం చెవిలో ఉన్న ఏకైక ఆధారాన్ని పిలిచాడు. నిద్రలోంచి లేచినా గట్టు నియమం మాత్రం మర్చిపోలేదు.

"జలజా! మీసాలాయన నీళ్ళల్లో ఉన్నాడు! గాలం నోట్లో దిగిపోయింది! లాగుతుంటే లోపలికి పోతున్నాడు!"

అక్కడ వంటింట్లో చిన్నుల్లిపాయల పళ్ళెం కిందపడిందట.

"ఏంటి బాబూ? ఎవరు నీళ్ళల్లో?" అన్న వరహాలమ్మ గొంతు నాక్కూడా వినబడింది.

"మీసాలాయనే అత్తయ్యగారూ! పైకొచ్చాడు! అబ్బో, మీసం రెండు పక్కలా వేళ్ళాడుతోంది! ఇంకా కొట్టుకుంటున్నాడు!"

"ఓరి నాయనో! వదలకు బాబూ! మీసమైనా సరే పట్టుకో!"

ఆ తర్వాత ఫోనులో స్కూటీ స్టార్టయిన చప్పుడు. కింద జెల్ల పాత గుంజ ఒకదాని చుట్టూ దారం మెలేసి మొండికేసింది. మామా అల్లుళ్ళు దాన్ని విడిపించే లోపలే గట్టు మీద లైటు పడింది. జలజ బండి ఇంకా ఆపనేలేదు, వెనక సీట్లోంచి వరహాలమ్మ దూకింది. చేతిలో టార్చి, జారిపోతున్న ముడి.

"ఏవండీ! ఏవండీ! ఎక్కడున్నారండీ!"

ముత్యాల్రావు నిజంగా నీళ్ళల్లోనే ఉన్నాడు గానీ, తువ్వాలు ముసుగులో వంగి ఉన్నాడు, పైగా మాట్లాడకూడదన్న నియమం. చెయ్యి ఊపాడు. ఆవిడ అటు చూడలేదు.

"ఇక్కడే అత్తయ్యగారూ!" అన్నాడు నీలకంఠం, దారం చూపిస్తూ.

టార్చి వెలుగులో నీళ్ళ మీద తడి మీసం ఒకటి తళుక్కుమంది. వరహాలమ్మ ఇంకేం ఆలోచించలేదు. దబ్బున నీళ్ళల్లోకి దిగి ఆ మీసం ఉన్న తలని రెండు చేతులా వాటేసుకుంది. ఆవిడ దూకిన ఊపుకి దారం తెగింది, కర్ర విరిగింది, నన్ను కట్టిన నూలుపోగు పుటుక్కుమంది. నేను వెళ్ళి ఒడ్డు పక్కనే నీళ్ళల్లో పడ్డాను. ఆ తర్వాత కథంతా నేను అడుగునుంచే చూశాను. లోతు లేదు కాబట్టి కలక నీళ్ళైనా బాగానే కనబడింది, టార్చి కూడా ఉంది.

వాటేసుకున్న క్షణంలోనే తను పట్టుకున్నది మొగుణ్ణి కాదని వరహాలమ్మకి తెలిసిపోయింది. జారుతోంది, తోక కొడుతోంది. ఇంకొకరైతే వదిలేసేవారు, లేదా ముల్లు గుచ్చుకుని తెల్లార్లూ ఏడ్చేవారు. జెల్లకి వీపు మీద ఒకటి, చెంపల కింద చెరొకటి, మొత్తం మూడు ముళ్ళు. మూడు ముళ్ళ సంగతి వరహాలమ్మకి ముప్పై రెండేళ్ళుగా తెలుసు. మొగుడు పట్టుకొచ్చిన ప్రతి జెల్లనీ కోసింది ఆవిడే. పమిట చెంగు తడిపి దాని తల మీద వేసి, ముళ్ళు తగలకుండా మెడ వెనక ఒడుపుగా నొక్కి పట్టుకుని ఒడ్డెక్కింది. చంటిపిల్లంత ఉంది. నోటి పక్కనుంచి కార్జం ముక్క వేళ్ళాడుతోంది.

అప్పుడు ముత్యాల్రావు తువ్వాలు తీశాడు.

"ఏమే, నువ్వెందుకొచ్చావ్?"

ఆవిడ మొగుణ్ణి చూసింది. చేతిలో ఉన్నదాన్ని చూసింది. రెండు మీసాలనీ ఒకసారి పోల్చి చూసింది.

"మీసాలాయన నీళ్ళల్లో కొట్టుకుంటున్నాడంటే వచ్చాను."

"అది చేప పేరే! గట్టు మీద అలాగే అంటాం."

"నేను మిమ్మల్ని ఊరంతా అలాగే అంటాను కదండీ! అంటే ఇన్నేళ్ళూ ఈ తాతారావన్నయ్య నా మాట విన్నప్పుడల్లా..."

"నవ్వుకునేవాణ్ణమ్మా" అని తాతారావు ఒప్పుకున్నాడు.

"సరే. అల్లుడుగారికని చేసిన కార్జం దీని నోట్లో ఎందుకుంది?"

జలజ బండి సీటు మీద తల పెట్టుకుని పడీపడీ నవ్వుతోంది. తాతారావే ముందు తేరుకున్నాడు. కంపలోంచి బయటికొచ్చి, వీపు మీది ముళ్ళు దులుపుకుని, తిన్నగా రాయి దగ్గరికి నడిచాడు.

"పందెం పందెమే. ఒడ్డెక్కించింది అల్లుడు కాదు, అత్తగారు. కాదంటావేంట్రా ముత్యాలూ?"

"మా అల్లుడు అలవగొట్టాడు కాబట్టే అది దొరికింది" అన్నాడు ముత్యాల్రావు. గొంతులో పస లేదు. "అల్లుడుగారూ, మీరు చెప్పండి. మీకు పడింది కదా?"

నీలకంఠం విరిగిన కర్ర చేత్తో పట్టుకుని నించున్నాడు. అవునంటే సరిపోయేది. రాయి మిగిలేది, భుజం మీద చెయ్యి మిగిలేది. చీకట్లో ఎవరు చూశారు గనక?

"లేదండీ. అత్తయ్యగారే పట్టారు. నాకు చేపలు పట్టడం రాదండీ. ఎప్పుడూ పట్టలేదు."

ముత్యాల్రావు ఒక అడుగు ముందుకొచ్చాడు.

"పెళ్ళిచూపుల్లో పడతాయన్నారు?"

"తింటే పడతాయని అన్నానండీ. ఒంటికి."

ముత్యాల్రావు బుర్రలో పెళ్ళిచూపులన్నీ మొదట్నుంచీ మళ్ళీ జరుగుతున్నట్టున్నాయి.

"మరి లెక్కుండదన్నారు?"

"ముక్కలండీ."

"రాత్రే ఎక్కువన్నారు?"

"డిన్నర్లోనండీ."

"రొయ్యలు?"

"దద్దుర్లండీ."

ముత్యాల్రావు చేతివల పిండి భుజాన వేసుకున్నాడు. "రాయి నీదేరా తాతా" అన్నాడు. ఆ మాట నీళ్ళల్లోకి ఎంత బరువుగా దిగిందంటే, నా పక్కన బురద కదిలింది.

తాతారావు కూర్చోబోయాడు. అప్పటికే అక్కడ వరహాలమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో జెల్లతో.

"అమ్మా, లే. రాయి నాది."

"నీదెలా అవుద్దన్నయ్యా? అల్లుడు పట్టలేదు కాబట్టి ఆయనది కాదు. బాగానే ఉంది. మరి నువ్వు పట్టావా?"

"పట్టలేదు."

"పట్టింది నేను. ముప్పై రెండేళ్ళు ఇంట్లో కూర్చుని వీటిని తోమాను. ఇంత చల్లగాలి ఇక్కడుందని ఒక్కరూ చెప్పలేదు. రేపట్నుంచి సాయంత్రం నేనొస్తాను. ఎవరికైనా అభ్యంతరముంటే ఇలా వచ్చి దీన్ని పట్టుకోండి, మాట్లాడదాం."

జెల్ల నోరు తెరిచి మూసింది. మూడు ముళ్ళూ టార్చి వెలుగులో నిక్కబొడుచుకున్నాయి. తాతారావు ఒక అడుగు వెనక్కి వేశాడు. అలా తెల్లారకముందే రాయి చేతులు మారింది, మగవాళ్ళిద్దరికీ కాకుండా పోయింది.

అందరూ వెళ్ళిపోయారు. ముత్యాల్రావు ముందు నడిచాడు, వెనకాల నీలకంఠం, మధ్యలో నాలుగు అడుగుల ఖాళీ. వచ్చేటప్పుడు ఆ ఖాళీ లేదు.

నా గురించి ఎవరికీ గుర్తురాలేదు. దానికి బాధేం లేదు. ఇక్కడ బురద మెత్తగా ఉంటుంది, మోగాల్సిన పని లేదు. మర్నాడంతా నీళ్ళ కింద పడుకుని, పోయిన రాత్రి గురించి ఆలోచించాను. ఆ నాలుగు అడుగులే కళ్ళ ముందు మెదిలాయి.

సాయంత్రం గట్టు మీద చెప్పుల చప్పుడు వినబడింది. ముందు వరహాలమ్మ, క్యారేజీ గిన్నెల మోతతో. రాయి మీద కూర్చుని వచ్చీ రాగానే మాట్లాడటం మొదలుపెట్టింది. గట్టు మీద మాట్లాడకూడదని ఆవిడకెవరు చెబుతారు? తర్వాత ముత్యాల్రావు టైరు చెప్పులు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను లెక్కపెడుతూ ఉన్నాను. చివరికి, ఒక్కో అడుగూ అడిగి వేస్తున్నట్టు, బూట్లు.

బూట్లు నీటి అంచున ఆగిపోయాయి. ముత్యాల్రావు కొత్త వెదురు కర్ర చెక్కుతున్న చప్పుడు, పెచ్చులు నీళ్ళల్లో రాలుతున్నాయి.

"పొద్దున్న పులుసు ఎన్నిసార్లు వేయించుకున్నారు?" అన్నాడు చివరికి.

"నాలుగుసార్లండీ."

"నేనూ లెక్కెట్టాను." ఇంకో పెచ్చు రాలింది. "బూట్లు విప్పండి. ముందు బురదలో నించోడం నేర్చుకోవాలి. కాలు స్థిరంగా లేకపోతే చెయ్యి స్థిరంగా ఉండదు. ఎర్రల సంగతి వచ్చే నెల చూద్దాం."

తెల్లటి పాదాలు రెండు నీళ్ళల్లోకి దిగాయి. ఒకటి నా పక్కన పడింది. రెండోది సరిగ్గా నా మీద పడింది.

"మావయ్యగారూ! కాలికింద ఏదో ఉందండీ! గుండ్రంగా ఉంది!"

"నత్తగుల్లయి ఉంటుంది. కరవదు. కదలకండి."

నీలకంఠం పెద్ద చప్పుడుతో ఊపిరి పీల్చుకున్నాడు. కాలి వేళ్ళు నా చుట్టూ ముడుచుకున్నాయి. కొంగలు గూళ్ళకి పోయాయి, తాతారావు కంపలో కూర్చుని తన ముళ్ళు తను తీసుకున్నాడు, వరహాలమ్మ పక్కింటి వాళ్ళ సంగతులు రెండు పూర్తిచేసి మూడోది ఎత్తుకుంది. చీకటి పడింది. ఆయన కాలు మాత్రం నా మీదనుంచి అంగుళం జరగలేదు. కదలొద్దని మావయ్యగారు చెప్పారు మరి.